లెక్క తప్పిన ఆదివారాలు

మొన్న మా మనవడు కలిగిరి సంతకు పోయి నాకొక జత చెప్పులు తెచ్చి మంచం కింద పెట్టాడు. తెల్లవారి లేచి కాలు కింద మోపేసరికి గదంతా తోళ్ళు ఊరేసే తంగేడు చెక్క వాసన. ఈ రోజుల్లో తోళ్ళను ఏవో మందునీళ్ళలో ముంచి ఇట్టే పదును చేసేస్తున్నారట, వాటికి మంచీ చెడూ ఏ వాసనా ఉండదు. ఈ జత కుట్టినవాడు మాత్రం ఎవరో పాతకాలపు మనిషి అయివుండాలి. కోడలు వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ‘ఏందత్తా ఈ కంపు, ఎండలో పడేస్తా ఉండు’ అని వాటిని తీసుకుపోబోతే కసిరి కూర్చోబెట్టాను. నెల్లూరు పట్నంలో పెరిగిన పిల్ల, ఆమెను తప్పు పట్టను. కానీ నేను ఆ కంపులోనే పుట్టాను, ఆ కంపులోనే పాకాను, నడిచాను. తర్వాత చదువుకుని, తెల్లచీర కట్టుకుని, మిషను బడిలో పంతులమ్మనై, ఎందరి పిల్లల చెవులనో మెలిపెట్టాను గానీ, ఆ వాసన తగిలితే చాలు, ఇంత ముసలిదాన్నీ మళ్ళీ ఉదయగిరి కొండ కింద తోళ్ళు నానేసే లంద పక్కన కూర్చుని అచ్చనగాయలాడే పిల్లనైపోతాను.

మా మాదిగపల్లె ఊరికి ఎడంగా, కొండ మొదట్లో, సాయంత్రం అందరికంటే ముందు నీడ పడే చోట ఉండేది. నాయన తోళ్ళు పదును చేసేవాడు, రైతుల బావుల్లో నీళ్ళు తోడే కపిల బానలకు తోలు తొండాలు కుట్టేవాడు, పంట ఇంటికొచ్చినప్పుడు కళ్ళంలో మా వాటా గింజలు మాకు కొలిచేవాళ్ళు. తొలకరి పడగానే కొండవాలంతా తంగేడు పూసి పచ్చగా కళ్ళు చెదిరిపోయేది; ఆ పూలు తలలో పెట్టుకోవడం, చెక్క ఒలిచే నాయన చేత తిట్లు తినడం, ఆ తర్వాత సీతాఫలాలు పగిలేకాలానికి కోతులతో పోటీ పడి రాళ్ళ మీదికెక్కి కడుపు పట్టినన్ని తిని, మిగిలినవి గడ్డివామిలో దాచి మరిచిపోవడం, చలి మొదలయ్యాక సజ్జకంకులు కాల్చి అరచేతుల మధ్య నలిపి వేడివేడిగా ఊదుకుని తినడం, ఎండలు ముదిరితే చింతచిగురు, ఈతపండ్లు, మోకాళ్ళ మీద దెబ్బలు. రోజూ ఉండేది జొన్నసంగటి, గోంగూర. పొద్దుగూకే వేళకు అమ్మ సంగటి కెలికే చప్పుడు వినపడితే ఆట ఎంత మంచి పట్టులో ఉన్నా వదిలేసి పరుగెత్తేవాళ్ళం. నేను పెద్దదాన్ని, నా తర్వాత పుట్టినవాళ్ళు నిలవక, చాలా ఎడం మీద పుట్టినవాడు మా తమ్ముడు ఏసోబు.

ఏసోబు అనే పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలి. వాడు కడుపులో ఉండగా మా పల్లెకు ఒక బోధకుడు వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు, భుజాన ఒక గుడ్డసంచి, అంతే. మా ఇంటి అరుగు మీద కూర్చుని మా కుండలో సంగటి తిన్నాడు. మావాళ్ళు అతను చెప్పింది వినడానికి ముందు అతను తినడాన్ని చూసి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారని అవ్వ చాలాసార్లు చెప్పేది. ఆ మరుసటి ఏడు పెన్న మడుగులో, ఆత్మకూరు దగ్గర, మా ఇంటివాళ్ళూ, ఆ పక్క పల్లెలో కాపురమున్న మా పెద్దమ్మ ఇంటివాళ్ళూ కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి చంటివాడైన తమ్ముడికి ఆ బోధకుడే ఏసోబు అని పేరు పెట్టాడు. చచ్చిన గొడ్డు మాంసం తినబోమని, అమ్మవారి జాతరలో డప్పు కొట్టబోమని, ఆదివారం దేవుడి రోజుగా ఉంచుతామని ఆ నీళ్ళలో నిలబడి మాట ఇచ్చారు. ఆ ఏటి క్రిస్మసుకు అమ్మ కొర్రబియ్యంలో బెల్లం వేసి పరమాన్నం వండింది. అడుగంటి మాడిపోయింది, ఆ మాడు కోసం నేనూ నాయనా గరిటెతో కుస్తీ పట్టాం.

మూడు మాటల్లోకీ కష్టమైనది ఆదివారమే. చదువు లేని పల్లెలో, గడియారమూ గంటా లేని చోట, ఆదివారం ఎప్పుడో ఎట్లా తెలుస్తుంది? ఊళ్ళోవాళ్ళను అడిగితే వెక్కిరించేవాళ్ళు. ఆ భారం మా అవ్వ తన మీద వేసుకుంది. నాయనకు తల్లి, పొట్టిమనిషి, గొంతు మాత్రం కొండ అవతలికి వినపడేది, చెవి దగ్గర ఎప్పుడూ ఒక పొగాకు ముక్క. ఏడు చింతగింజలు తెచ్చి రెండు కొబ్బరిచిప్పలు పెట్టి, రోజూ ముఖం కడుక్కోగానే ఒక గింజను ఈ చిప్పలోంచి ఆ చిప్పలోకి వేసేది. ఆఖరిది పడిన రోజు ఆదివారం. ఎక్కడన్నా అనుమానమొస్తే ఉదయగిరి సంత ఉండనే ఉంది, సంత అయిన రెండో రోజు చిప్ప నిండాలి. ఒక్కసారి కూడా తప్పలేదు. పల్లెలో మిగతా ఇళ్ళవాళ్ళు కూడా మా గుమ్మంలోకి వచ్చి చిప్పలోకి తొంగిచూసి పోయేవాళ్ళు, అవ్వకు అది పెద్ద గర్వం.

అప్పుడొచ్చింది ధాత ఏటి కరువు. మొదట్లో ఎవరికీ భయం లేదు, వానలు ఆలస్యమయ్యాయనుకున్నాం. తర్వాత చెరువు నెర్రెలిచ్చింది, కపిల బావుల్లో బాన అడుగు రాళ్ళకు తగిలింది, గడ్డి లేక గొడ్లు పడిపోవడం మొదలైంది. ఎటు చూసినా గద్దలు. నాయన పడిన గొడ్ల తోళ్ళు ఒలిచేవాడు, తోలు మాత్రం భుజాన వేసుకుని, మాంసం వైపు చూడకుండా ఇంటికొచ్చేవాడు. బలుసాకు ఉడకేసుకుని తిన్నాం, నాగజెముడు పండ్ల ముళ్ళు రాతి మీద రాసి పోగొట్టి తిన్నాం, కలబంద మట్టలు కాల్చి లోపలి గుజ్జు గీక్కుని తిన్నాం. అమ్మడానికి ఎవరి దగ్గరా ఏమీ లేక సంత ఆగిపోయింది. ఊళ్ళో వాంతిభేది పడిందని తెలిసి పల్లెవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. అవ్వ నడవలేదు గనక మేం మాత్రం ఇంకా లోపలికి, కొండచరియ కిందికి జరిగి, ఆకుల పాక వేసుకుని, అడవిగడ్డలు తవ్వుకుంటూ, తంగేడు చెక్క ఒలుచుకుంటూ మిగిలిపోయాం. చెక్క కొనే సాయిబు ఒకడు ఎప్పుడన్నా బండి తోలుకొచ్చి మోపుకు ఇన్ని జొన్నలని ఇచ్చిపోయేవాడు. మేం గింజల ముఖం చూసేది అప్పుడే.

అలాంటి రోజుల్లో ఒకనాడు పెద్దమ్మ, ఆమె భర్త నడిచి వచ్చారు. పెద్దమ్మ అమ్మకు సొంత అక్క, కానీ ఇద్దరికీ పోలికే ఉండదు. అమ్మది ప్రతిదీ చూసి చూసి చేసే చెయ్యి. పెద్దమ్మ కూరలో ఉప్పు వేయడం మరిచిపోయి, తిన్నాక గుర్తొచ్చి నవ్వే మనిషి. ఆమె ఏసోబును ఒళ్ళోకి తీసుకుని, వాడి వీపు తడిమి, చెయ్యి అక్కడే ఆపేసింది. వాడికి ఇంకా సరిగా మాటలు రాలేదు, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలిగేవాడు.

‘పిల్లోణ్ణి నాకియ్యి మే,’ అంది పెద్దమ్మ. ‘మాకు పెన్నలో చెలమ తవ్వితే నీళ్ళుండాయి. మీ బావకి రైతు ఇంట్లో ఒక పూట గంజి పోస్తున్నారు. ఒక్క చిన్న పొట్టకి సరిపోతాది. అందరికీ అంటే సాలదు.’

అమ్మ ఇవ్వనంది. వాడిని లాక్కుని గుండెకు అదుముకుని పాక వెనక్కు పోయి కూర్చుంది. అవ్వే కర్ర పట్టుకుని అమ్మ దగ్గరికి పోయి, ‘ఈడ ఉంటే పోతాడు. నీకు తెలుసు,’ అంది. ఇంతకంటే కరుకుగా ఎవరూ చెప్పలేరు, ఇంతకంటే దయగా కూడా. ఏసోబును పెద్దమ్మ చంకకెత్తుకున్నాక, అమ్మ ఆమె కొంగు పట్టుకుని వదలకపోతే, పెద్దమ్మే ఒక ఉపాయం చెప్పింది. ‘ఆదివారం, పొద్దు బారెడు ఎక్కినాక, ఆడ మేం వీణ్ణి ఒళ్ళో పెట్టుకుని ప్రార్థనలో కూర్చుంటాం. ఈడ నువ్వూ కూర్చో. దేవుడు రెండు చోట్లా ఉంటాడు గదా. ఆ పూట మనం ఒక్కచోట ఉన్నట్టే.’

అమ్మ కొంగు వదిలింది.

ఆ తర్వాతి రోజుల్లో మా అమ్మ ఇద్దరు మనుషులుగా ఉండేది. వారమంతా ఒక మనిషి: గడ్డలు తవ్వుతూ తవ్వుతూ గునపం వదిలేసి ఆత్మకూరు దిక్కుగా నిలబడిపోయేది, దారిన పోయేవాళ్ళు ఎవరు కనబడినా పరుగెత్తి వాళ్ళకు అడ్డం పడి, ఆ పక్కనుంచి వచ్చారా, ఎత్తుపళ్ళ పిల్లోడెవరన్నా కనబడ్డాడా అని అడిగేది, ఎవరో వాంతిభేదిలో పిల్లలు పోయారని చెబితే రోజంతా మంచినీళ్ళు ముట్టేది కాదు, నేను పిలిచినా పలికేది కాదు. ఆదివారం ఇంకొక మనిషి. దొరికిన గుక్కెడు నీళ్ళలోంచే నాలుగు చుక్కలు తీసి ముఖానికి రాసుకుని, జుట్టు ముడి విప్పి మళ్ళీ గట్టిగా బిగించి, ఆత్మకూరు వైపు ముఖం పెట్టి కూర్చునేది. పరలోక ప్రార్థన ఆమెకు సగం దాకానే వచ్చు, మిగతా సగం తన మాటలు కలిపేది. బిడ్డను అడిగేది, అంతకంటే ఎక్కువ కాదు. లేచేసరికి ఆమె ముఖంలో ఆ బిగువు సడలిపోయి ఉండేది. ‘తిన్నాడు,’ అనేది నాతో, చూసొచ్చినట్టు. ‘ఒళ్ళోనే ఉన్నాడు.’ చిన్నదాన్ని, నేనూ నమ్మేదాన్ని. ఇప్పుడు ముసలిదాన్ని, ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని. ఆ నెమ్మదికి ఇంకో పేరు పెట్టమంటే నాకు చేతకాదు. ఆ ఒక్క పొద్దు లేకపోతే మా అమ్మకు పిచ్చెక్కి ఉండేదని మాత్రం నిక్కచ్చిగా చెబుతాను.

ఆ రోజు మేం పని ముట్టేవాళ్ళం కాదు. ముందురోజే రెండింతలు తవ్వాలి, తవ్వలేకపోతే ఆదివారం పస్తు. నాయన దానికి ఒక్కసారి కూడా గొణగలేదు.

ఇక ఆ చింతగింజల సంగతి. ఒకనాడు ఏ గడ్డా దొరకలేదు, నేను కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకున్నాను. అవ్వ చిప్పలు దగ్గరికి లాక్కుంది. తర్వాత ఆ ఏడు గింజలనూ నిప్పుల్లో వేయించి, రాతితో పొట్టు కొట్టి, ఒక్కొక్కటే నా నోట్లో పెట్టింది. అమ్మ గుండె బాదుకుని, ‘అత్తా! ఆదివారం ఎట్టా తెలుస్తాది?’ అంటే, అవ్వ తన తల మీద వేలితో తట్టి, ‘ఈడ ఉండాదిలే,’ అంది. ఉన్నది నిజమే, కొన్ని వారాల పాటు. ఆ తర్వాత ఆమెకు జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతూ, పోయినవాళ్ళందరినీ పేర్లు పెట్టి పిలుస్తూ, పగలేదో రేయేదో తెలియకుండా పడివుంది. మేం ఆమె చుట్టూ తిరగడంలో రోజులను పట్టించుకోలేదు. జ్వరం దిగి కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, ‘ఇయ్యాల ఏ వారం?’ నాయన శనివారమన్నాడు, అమ్మ శుక్రవారమేమో అంది, నేనేదో అన్నాను. అవ్వ ముగ్గురినీ తీసిపారేసి, కళ్ళు మూసుకుని తనలో తాను ఏదో కూడుకుని, ‘గురువారం,’ అని తేల్చేసింది. అవ్వ గొంతు మీకు తెలియదు. అది గురువారమంటే గురువారమే. మళ్ళీ లెక్క మొదలైంది.

సాయిబు బండి వచ్చింది ఆ తర్వాతనే, సరిగ్గా మా ఆదివారం నాడు. నాయన ఒలిచిన చెక్క రెండు మోపులు కట్టి పాక ముందు పెట్టి ఉన్నాడు. బండి మీద జొన్నల మూట చూసి నాకు నోట్లో నీళ్ళు ఊరాయి.

‘రేపు ఎత్తుతా సాయిబూ, ఇయ్యాల ఆదివారం,’ అన్నాడు నాయన.

సాయిబు నవ్వాడు. ‘ఆదివారమేందిరా పోలయ్యా? అది నిన్ననే పోయింది గదా. ఇయ్యాల సోమవారం.’

పాకలోంచి అవ్వ లేచి కూర్చుంది. ‘మోపు కోసం వారాన్నే మారస్తాడే ఈ మనిషి! నువ్వు ముట్టబాకు నాయనా.’

‘మీ ఇష్టం. నా ఎద్దులకి ఈడ నీళ్ళు లేవు, నేను ఆగలేను,’ అని సాయిబు బండి తిప్పుకున్నాడు. చాలా వారాల దాకా మళ్ళీ రాలేదు. చెడ్డవాడేం కాదు, నిజం చెప్పాడు, నిజాన్నే మేం సాతాను పెట్టే శోధన అనుకున్నాం. నాయన మోపుల మీద చెయ్యి కూడా వేయకుండా కొండ వైపు తిరిగి కూర్చున్నాడు. అవ్వ మాత్రం గెలిచినట్టు పడుకుంది.

అమ్మ చెవిలో ఆ మాట పడి అక్కడే ఉండిపోయింది. ఆ పూట కూర్చుంది గానీ లేచాక ‘తిన్నాడు’ అనలేదు. అవ్వను ఒకటికి పదిసార్లు అడిగింది, అవ్వ ప్రతిసారీ ఇంకా గట్టిగా చెప్పింది. ‘ఒకవేళ తప్పి ఉంటే?’ అని అమ్మ నాయనను అడగడం నేను విన్నాను. ‘ఆడ వాళ్ళు కూర్చున్న పూట నేను గడ్డలు తవ్వుతా ఉంటే? నేను కూర్చున్న పూట ఆడ ఎవరూ లేకపోతే?’ మరుసటి ఆదివారం అమ్మ కూర్చోదేమో అనుకున్నాను. కూర్చుంది. ముఖం కడుక్కుంది, ముడి బిగించింది, అనుమానాన్ని కూడా వెంటబెట్టుకుని అదే రాతి మీద, అదే దిక్కుకు కూర్చుంది. నెమ్మది రాలేదు, అయినా లేవలేదు. ‘నేను లెయ్యను,’ అంది పళ్ళు బిగించి, ఎవరితోనో తెలియదు. ఆ మొండితనమే నాకు మా అమ్మ ఇచ్చిన ఆస్తి.

అవ్వ ఆ వేసవి దాటలేదు. తన వంతు ఉడికిన ఆకు నా ఆకులోకి తోసేసి, ‘నాకు సయించదు’ అంటూ వచ్చింది. ఒక పొద్దున లేవలేదు. నాయన చరియ కింద గొయ్యి తవ్వాడు. బోధకుడు లేడు, పాట ఎవరికీ సరిగా రాదు, ముగ్గురం పక్కపక్కన నిలబడి వచ్చిన మాటలు అన్నాం. ఆ చెవి దగ్గరి పొగాకు ముక్కను తీయబోతే నాయన వద్దన్నాడు.

ఆ తర్వాత వానలొచ్చాయి. మొదటి వానకు మేం పాకలోంచి బయటికొచ్చి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. కొండ పచ్చబడేదాకా కూడా ఆగకుండా అమ్మ ప్రయాణం కట్టింది. ఆదివారం కూర్చుని, మరునాడు పొద్దున్నే బయల్దేరాం. నడకలో రెండోరోజు మా ముందు ఆడా మగా గంపలు ఎత్తుకుని, మేకలను తోలుకుని పోతున్నారు. ఇన్నాళ్ళకు గంపలు చూసిన సంతోషంలో నాయన ఒక ముసలామెను పలకరించాడు.

‘ఎక్కడికమ్మా?’

‘పక్కూరి సంతకి నాయనా. మళ్ళా కడతా ఉండారంట. ఇయ్యాల బుధవారం గదా, బుధవారం సంత.’

మా లెక్కలో ఆ రోజు మంగళవారం. అమ్మ దారి మధ్యలో కూలబడింది. మేకలు ఆమెను తప్పుకుని అటూ ఇటూ పోతున్నాయి.

‘అత్తకి జ్వరమొచ్చిన కాడ్నించీ ఒక్క పూట కూడా కలవలేదు,’ అంది. ‘ఇన్నాళ్ళూ పిల్లోడు ఆడ ఒక్కడే కూర్చున్నాడు. నేను సోమవారంతో మాట్లాడతా ఉండాను. మీయమ్మ నన్ను మోసం చేసి పోయింది.’ చనిపోయినదాన్ని అంతమాట అన్నందుకు ఏడ్చింది, అన్నమాట వెనక్కి తీసుకోలేక మళ్ళీ ఏడ్చింది.

నాయన ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ‘లెక్క తప్పింది మనం. ఆయన గాదు. లెయ్ మే, పోదాం.’

మంచిమాటే. బోధకుడు వింటే మెచ్చుకునేవాడు. కానీ అమ్మ లేచింది ఆ మాటకు కాదు, పిల్లవాడు ఆ దారి చివర ఉన్నాడు గనక లేచింది. దేవుడి మీద కోపంతో నడిచే మనిషి అడుగు ఎట్లా పడుతుందో ఆ దారిలో ఆమె వెనక నడిచిన నాకు తెలుసు.

పెద్దమ్మ పల్లె చేరేసరికి మరునాడు పొద్దు బారెడు ఎక్కింది. పెన్నలో కొత్తనీళ్ళు పారుతున్నాయి. పెద్దమ్మ ఇంటి ముందు వాకిట్లో వాళ్ళు కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు. ప్రార్థన. అమ్మ నిలబడిపోయింది. మా లెక్కలో బుధవారం, లోకం లెక్కలో గురువారం, ఎట్లా చూసినా ఆదివారం కాదు.

పెద్దమ్మ ఒళ్ళో ఏసోబు ఉన్నాడు. తలనిండా జుట్టు వచ్చింది, పొట్ట గుండ్రంగా ఉంది. కళ్ళు మూసుకోమంటే ఒక్క కన్ను మూసి రెండో కంటితో మమ్మల్నే చూస్తున్నాడు, దారినపోయే వాళ్ళను చూసినట్టు. అమ్మ వాడి వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, చప్పుడు చేయకుండా వరస చివర కూర్చుంది. పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే వాడి తొడ మీద తట్టింది, వంతు వచ్చిందన్నట్టు. వాడు గొంతు సవరించుకుని, పెద్దమనిషిలాగా, ఒక్క గుక్కలో అప్పజెప్పాడు:

‘దేవా, ఉదయగిరి అమ్మకి గంజియ్యి. ఉదయగిరి నాయనకి గంజియ్యి. అక్కకి గంజియ్యి. అవ్వకి గంజియ్యి. ఆమేన్.’

పెద్దమ్మ కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి కేకపెట్టింది. ఆ కౌగిలింతలూ ఏడుపులూ అయ్యాక, అవ్వ సంగతి విన్నాక, అమ్మ అడిగిన మొదటి మాట ఒకటే: ‘ఇయ్యాల ఆదివారం గాదు గదక్కా. ఎందుకు కూర్చున్నారు?’

పెద్దమ్మ తప్పు చేసి దొరికిన పిల్లలాగా నవ్వింది. ‘ఆదివారం ఏదో ఎవురికి తెలుసు మే! సంత ఆగిపాయె. ఒకసారి ఊళ్ళో అడిగితే ఏదో వారం చెప్పి పంపి, వెనక నవ్వుకున్నారంట. నా సంగతి నీకు తెలుసు గదా, ఉప్పే గుర్తుండదు నాకు. నువ్వేమో ఆడ కూర్చుని ఉంటావు, ఈడ మేం లేకపోతే ఎట్టా? అందుకని రోజూ కూర్చుంటా ఉండాం. రోజూ కూర్చుంటే అందులో నీ రోజు తగలకుండా పోతాదా?’

అన్నీ చూసి చూసి చేసే మా అమ్మ ఏడు గింజల లెక్కను నమ్ముకుంటే, ఏదీ గుర్తుండని పెద్దమ్మ అసలు లెక్కనే వదిలేసి ఆ మాట నిలబెట్టింది. మేం కూర్చున్న ఏ సోమవారమూ అవతల ఖాళీగా లేదు. ‘అయితే కలిసినాం,’ అంది అమ్మ, అంతే అంది. అప్పుడు నేను ఆ ముఖం చూశాను, చరియ కింద ఆదివారాల్లో లేచినప్పటి ముఖం, సాయిబు మాటతో పోయిన ముఖం.

అయినా ఏసోబు ఆమె దగ్గరికి రాలేదు. పెద్దమ్మ వాడిని ముందుకు తోస్తే ఆమె కుచ్చెళ్ళ వెనక్కి పోయి దాక్కున్నాడు. లాక్కుని ఎత్తుకుంటుందేమో, వాడు గుక్కపట్టి ఏడుస్తాడేమో అని నేను భయపడ్డాను. అమ్మ ఎత్తుకోలేదు. ఎడంగానే కూర్చుని వాడితో అంది: ‘నువ్వడిగినావే, ఉదయగిరి అమ్మకి. ఆమెకి గంజి దొరికింది నాయనా.’

వాడు చీర వెనకనుంచి ముఖం సగం బయటపెట్టాడు. ‘నువ్వు చూసినావా?’

‘చూసినా. బాగుండాది.’

మేం మళ్ళీ ఉదయగిరికి పోలేదు. వాడికి రెండోసారి తల్లిని మార్చనని అమ్మ పట్టుబట్టింది. తనకు తానుగా ఒళ్ళోకి వచ్చేదాకా పెద్దమ్మ ఇంటి పక్కనే ఉంటానంది. నాయన పెన్న ఒడ్డున కొత్త లంద కట్టాడు. అమ్మ రోజూ గంజి చల్లార్చి గిన్నె తన పక్కన పెట్టుకుని కూర్చునేది, పిలిచేది కాదు. వాడు వచ్చి గిన్నె తీసుకుని పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తేవాడు. తర్వాత తర్వాత అక్కడే నిలబడి తాగడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత ఆమెకు ఆనుకుని. సీతాఫలాల కాలం పోయి సజ్జ కంకులెత్తే వేళకు ఒళ్ళో కూర్చుని తాగాడు, తాగుతూ అక్కడే నిద్రపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కినా అమ్మ వాడు లేచేదాకా కదల్లేదు. ఇక మా ఇంట్లో వారాల లెక్క పోయింది. రోజూ, పొద్దు బారెడు ఎక్కేసరికి, ఎక్కడున్నవాళ్ళు అక్కడ కూర్చోవలసిందే. జ్వరమైనా, పెళ్ళైనా, కపిల బాన తెగి రైతు అరుస్తున్నా సరే. నాయన విసుక్కుంటే అమ్మ ఒక్క చూపు చూసేది.

ఇప్పుడు ఆత్మకూరులో గుడిగంట ఉంది, కొట్టేవాడికి జీతముంది. ప్రతి గోడ మీదా తేదీల కాగితం వేలాడుతోంది, చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా వారం చెబుతారు. కొండ మొదట్లో మా పల్లె ఉన్న చోట కంపచెట్లున్నాయట. చరియ కింద అవ్వ ఎక్కడుందో చూపించగలిగే మనిషిని నేనొక్కదాన్నే, నాకు కొండదాకా నడిచే కాళ్ళు లేవు. తోళ్ళ లందలు పూడిపోయాయి, కొర్రబియ్యం తినేవాళ్ళు లేరు, పొద్దు ఎంత ఎక్కిందో ఆకాశంలోకి చూసి చెప్పేవాళ్ళు కూడా తగ్గిపోయారు. పొద్దుటి ప్రార్థన కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది, మా ఇంట్లో నేను కసిరితే ఉంది.

మొన్న మా మనవరాలు వచ్చి, పెద్దవ్వ, అంటే మా అమ్మ, జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టుకుందాం, ఆమె ఏ వారం పోయింది చెప్పమంది. తెలియదన్నాను. కన్నతల్లి పోయిన వారం కూడా తెలియదా అని ఆశ్చర్యపోయింది. నిజంగానే తెలియదు. ఆమె పోయే వేళకు పొద్దు బారెడు ఎక్కింది, అందరం కూర్చుని ఉన్నాం, అమ్మ తల ఏసోబు ఒళ్ళో ఉంది. ఏ వారమని మాలో ఎవరమూ అడగలేదు.